లడ్డు మాయమైన పెళ్లిభోజనం

మా ఆయన బడి వ్యాన్ నడిపేటోడు. బడోళ్లు వ్యాన్లు అమ్మేసినంక నెలల సంది ఇంట్లనే. ఏం చేస్తున్నవని ఎవరన్న అడుగుతరేమోనని గల్లీలకు గూడ పోడు. కంచంల ఇంకింత కూర వేస్తే, పని లేనోనికి ఇంతెందుకని మళ్ల గిన్నెల వేస్తడు. యూసుఫ్‌గూడల ఉండే మా చెల్లె, సినిమాల పెళ్లి సీనుకు మనుషులు కావాలన్నదో లేదో, ఇద్దరి పేర్లూ ఇచ్చేసిన.

తెల్లారంగ ఉప్మా తిని మోతీనగర్ల బస్సెక్కినం. ఆడోళ్లకు ఫ్రీ గదా, నాకు జీరో టికెట్. "ఇంట్ల కూసున్నోనికే పైసలా" అన్నడు మా ఆయన, మొకం కిటికీ దిక్కు పెట్టుకొని.

యూసుఫ్‌గూడల ఏజెంటు వ్యాన్ తయారుగ ఉన్నది. పొద్దుపొద్దున్నే పట్టుచీరలు, సిల్కు జుబ్బాలు, రోడ్డు మీద పెండ్లి దిగినట్టే. మా పక్కన సుబ్బారావు గారని కోనసీమ పెద్దాయన కూసున్నడు. ఏండ్ల సంది ఇదే పనట.

"ఎంతమందికి మేనమామనయ్యానో లెక్కలేదమ్మా. ఒక్కళ్లూ ఇంటికి పిలవలేదు" అన్నడు. వ్యానంత నవ్వింది.

ఏజెంటు అప్పుడే చెప్పిండు: ఆకుల ఉండేది కెమెరాకు, కడుపుకు గాదు. కలిపినట్టు చెయ్యాలె. నోట్ల పెట్టినోళ్లు మళ్ల నా వ్యాన్ ఎక్కేది లేదు.

జూబ్లీహిల్స్ గుట్ట ఎక్కుతుంటే గోడలే కనపడ్డయి గని ఇండ్లు కనపడలే. ఎనిమిదింటికి ఫిల్మ్ నగర్ల దిగినం. పందిట్ల పూలు ప్లాస్టిక్‌వి, వంకాయ కూర మాత్రం నిజంది. నాకు సాంబారు బకెట్టు ఇచ్చి వడ్డించమన్నరు. మా ఆయన, పెద్దాయన పక్కపక్క ఆకుల ముందు కూసున్నరు. టిఫినుకు పెట్టిన ఇడ్లీలు మా గుంపు దాకా రాకముందే అయిపోయినయి. మీరెవరన్న పోతే ఇంట్లనే తిని పోండ్రి. పెద్దాయన పొద్దటి సంది ఏం తినలే.

పన్నెండైంది. కెమెరా తిరుగుతున్నది. అన్నం కలుపుతున్న పెద్దాయన ఆకలికి ముందటికి ఒరుగుతున్నడు. మా ఆయన చూసిండు. తన ఆకుల ఉన్న లడ్డు మెల్లగ పెద్దాయన చేతుల పెట్టిండు. పెద్దాయన తల వంచి గుటుక్కున మింగిండు.

కట్ అన్నంక, ఫోన్ల ఫొటోలు చూసుకుంట ఒక అసిస్టెంట్ పిల్ల మా ఆయన దగ్గరికి వచ్చింది. "మీ ఆకులో లడ్డు ఏమైందండీ?"

పెద్దాయన గబగబ మూతి తుడుచుకున్నడు.

"నేనే తిన్న మేడం. తీపంటే నాకు పానం" అన్నడు మా ఆయన.

మా పెండ్లిల గూడ తీపి గిట్టదని తన లడ్డు నా ఆకుల వేసిన మనిషి! బకెట్టు గట్టిగ పట్టుకున్న. ఏజెంటు గుడ్లురిమిండు. ఇగ ఈ పని గూడ పాయె అనుకున్న.

ఆ పిల్ల లోపలికి పోయి వచ్చింది. ఆ టేకుల హీరో మంచిగ ఏడ్సిండట, దాన్ని తీసేసేది లేదట. ఒకసారి ఎట్ల తీస్తే, కెమెరా ఇంకో దిక్కు పెట్టినా అట్లనే ఉండాల్నట.

"కంటిన్యుటీ సార్. ఇంక ప్రతి టేకులోనూ మీరు లడ్డు తినాల్సిందే."

ఇగ చూడాలె మా ఆయన తిప్పలు. టేకు టేకుకు కొత్త లడ్డు. ఆముదం తాగినట్టు మొకం. మైకుల డైరెక్టరు, "నీలం చొక్కా ఆయన, కాస్త సంతోషంగా తినండి" అన్నడు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. పెద్దాయన తల వంచి ఏడ్సినట్టే నవ్విండు.

పొద్దుగూకింది, సీను ఒడవలే. ఏజెంటు గొణుక్కుంట వచ్చిండు. "రేపు గూడ రా. ఇదే చొక్కా, ఇదే ఆకు. నువ్వు లేకుంటే కుదరదట."

తిరిగి యూసుఫ్‌గూడల దిగినంక పెద్దాయన చాయ్ చెప్పిండు. మా ఆయన వద్దన్నడు.

"నన్నూ ఒకసారి పెట్టనివ్వు బాబూ" అన్నడు పెద్దాయన.

మా ఆయన ఆగిండు. "చక్కెర లేకుంట" అన్నడంతే. ముగ్గురం రోడ్డు మీదనే పడిపడి నవ్వినం.

జూబ్లీహిల్స్‌ల ఏం చూసినవని ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె? లడ్డు తిన్న మొకం చూసిన. బస్సుల కండక్టరు రాంగనే మా ఆయనే పిలిచి తన టికెట్ తీసుకున్నడు. మోతీనగర్ల దిగేముంగట నా చెవుల అన్నడు:

"చొక్కా నేనే పిండుకుంట. పొద్దున జల్ది లేపు, పనున్నది."