నాన్నకు లొంగని తాళం

బస్సులు ఆగే చోటికీ కూరగాయల బజారుకీ మధ్య, వంతెన నీడలో ఓ రేకుల కొట్టు ఉంది. అందులో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయట పీల్చుకోవాలి. అక్కడ కూర్చునే ఆమెను అందరూ తాళాలక్క అంటారు. కొట్టుకి బోర్డు ఉంది గానీ దాని మీద ఉన్న పేరు ఆమెది కాదు, వాళ్ళ నాన్నది. ఆయన పోయి మూడేళ్ళయింది. బోర్డు మార్చరాదా అని ఎవరైనా అంటే, "ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పేరు మీదే చేశాను, ఇప్పుడేం కొంప మునిగింది?" అని నవ్వేది. ఆ నవ్వుకి మాత్రం పళ్ళుండేవి.

నాన్న పని నేర్పింది తమ్ముడికి. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ తాళమైనా ముందు కన్నంలోకి చూడాలని, జవాబు అక్కడే ఉంటుందని రోజూ చెప్పేవాడు. వాడు ఆవలించేవాడు. ఈమె వెనకాల నిలబడి వినేది. వాడు ఆర్నెల్లు తిరక్కుండా పారిపోయి చివరికి టైల్స్ అమ్మే షోరూములో తేలాడు. ఈమె పధ్నాలుగో ఏట తన మొదటి తాళంచెవి కోసింది. అది ఓ మేష్టారి ఇంటి తాళానికి. ఆయన వచ్చి తిప్పి చూసుకుని, "బ్రహ్మాండంగా ఉందయ్యా, ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే," అన్నాడు నాన్న.

ఈమె పక్కనే ఉంది. చేతులకి ఇంకా ఇత్తడి పొడి అంటుకునే ఉంది. ఆయన వెళ్ళాక నాన్న మెల్లగా అన్నాడు, "ఆడపిల్ల కోసిన చెవితో ఇల్లు తాళం వేసుకుని ఎవరు నిశ్చింతగా ఉంటారే? పని నీది, పేరు నాది. కొట్టు నడవాలి గదా." కొట్టు నడిచింది. ఆయనకి కళ్ళు మసకబారి, చేతులు వణికి, ఊరికే కుర్చీలో కూర్చునే రోజుల్లో కూడా ప్రతి చెవికీ 'నేనే' అన్నాడు. పాపం, తప్పనిపించి ఉండదు. అలవాటైపోయింది.

ఆయన పోయాక రెండు గదుల ఇల్లు తమ్ముడికి వెళ్ళింది. పనిముట్ల పెట్టె ఈమెకి వచ్చింది. పెట్టె తెచ్చి గుమ్మంలో పడేస్తూ తమ్ముడు, "అంతా ఇనపసామానే అక్కా, తూకానికి వేసినా ఏదో వస్తుంది," అన్నాడు. పెట్టె అడుగున, పాత గుడ్డలో చుట్టి, ఆ తాళంకప్ప ఉంది.

అరచెయ్యంత వెడల్పు, మంచి బరువు, ఇత్తడిది. ముఖం నిండా ఆరు పువ్వులు చెక్కి ఉన్నాయి, మధ్యలో కన్నం. ఎప్పుడో ఓ పాత బంగళా పడగొడుతుంటే నాన్న దాన్ని పాత సామాను కింద కొన్నాడు. మూసి ఉంది. చెవి లేదు. అప్పటినుంచి నలభై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం దాన్ని తెరవాలని కూర్చున్నాడు. తెరుచుకోలేదు. ఒకసారి ఈమె చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తోసేశాడు. "దీని జోలికి రాకు. ఇది నాకూ దానికీ మధ్య."

ఆయన పోయినా ఈమె దాని జోలికి పోలేదు. కొట్టులో రసీదు కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువుగా పెట్టింది.

అలా ఉండగా ఓ రోజు సూటుకేసు తాళం పట్టేసిందని ఒకాయన వచ్చాడు. సూటుకేసు తెరిచి ఇచ్చినా కదలడే. ఆయన చూపు కాగితాల మీది తాళంకప్ప మీద ఉంది. పాత వస్తువులు కొని, పెద్ద పెద్ద వాళ్ళకు అమ్మే వ్యాపారి అట. "అది కాస్త చూడొచ్చా అమ్మా?" అంటూ జేబులోంచి తెల్లటి చేతి తొడుగులు తీసి వేసుకున్నాడు.

పక్క కొట్టులో గడియారాలు బాగుచేసే ముసలాయన తల బయటికి పెట్టాడు. "ఏంటి చెల్లెమ్మా, తాళానికి ఆపరేషనా?"

"మత్తు ఇచ్చాక పిలుస్తాలే అన్నా," అంది ఈమె.

వ్యాపారి నవ్వలేదు. భూతద్దం పెట్టి చూస్తూ, ఫోనులోకి ఒక్కో మాటా చెప్పి రికార్డు చేసుకున్నాడు. "ఇత్తడి. ఆరు పువ్వులు. తాళంచెవి లేదు. కన్నం చుట్టూ గీతలు, నాలుగు, ఏడు, పదకొండు. పనిరాని వాడెవడో కెలికి పాడుచేశాడు."

"పనిరాని వాడు కాదు. మా నాన్న."

"క్షమించాలి. మిగతా ముఖం శుభ్రంగా ఉంది. ఒక్క గీతా లేదు." ఫోను జేబులో పెట్టుకుని కాగితం మీద ఓ అంకె వేసి ఆమె ముందుకి జరిపాడు. ఆమె అందులో సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ డబ్బుతో అద్దె గది మానేసి సొంత గది కొనుక్కోవచ్చు. మోకాళ్ళు ఇలా మడిచి కూర్చోవడం ఈ ఏడాదితో ఆపెయ్యొచ్చు.

"శుక్రవారం వస్తాను. అందాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఇంకో గీత పడిందంటే ధర పడిపోతుంది."

"తెరిచి ఇస్తే?"

"తెరుచుకుంటే మూడింతలు. కానీ ఇది తెరుచుకోదమ్మా. ఇలాంటివాటి ముందు పెద్ద పెద్ద నిపుణులే చేతులెత్తేశారు. మీరు ముట్టుకోకండి."

తాళాల పని చేసే మనిషికి తాళం ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

సంగతి గడియారాలాయన నోట్లోంచి జారి, టైల్స్ షోరూము దాకా పాకడానికి రెండు గంటలు కూడా పట్టలేదు. సాయంత్రానికి తమ్ముడు అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. మూడేళ్ళలో ఈ కొట్టుకి వాడు రావడం అదే మొదలు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయక్కా?"

"నా మోకాళ్ళకి చుట్టాలొచ్చారన్నమాట. కూర్చో."

"వెటకారం మానవు గదా. అమ్మెయ్యి, హాయిగా ఉండు. నాన్న వస్తువు కాబట్టి నాకూ ఎంతో కొంత..."

"నువ్వేగా తూకానికి వెయ్యమన్నావు? పద, ఆ తక్కెడ దగ్గరికే వెళ్దాం. వచ్చినదాంట్లో సగం నీకే."

తమ్ముడి మొహం ముడుచుకుంది. అయినా వాడు చెడ్డవాడు కాదు. ఆమె మోకాళ్ళ గురించి వాడికి నిజంగానే దిగులుంది. వాటా గురించి ఇంకా ఎక్కువ దిగులుంది, అంతే. లేస్తూ, "సరే గానీ, దాని మీద చెయ్యి మాత్రం పెట్టకు. నాన్నకే లొంగలేదు, నీకేం లొంగుతుంది?" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే బహుశా ఆమె అమ్మేసి ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం బజారు మూత. కొట్టు షట్టరు సగం దించి, తాళాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మొదట నాన్న గీతలు చూసింది. ఆ పదకొండూ ఆమె ఎరిగినవే. ఇది సన్న తీగతో తడిమినప్పటిది, ఇది విసుగొచ్చిన రోజుది, ఈ వంకరది చెయ్యి వణకడం మొదలయ్యాక పడ్డది. నలభై ఏళ్ళ ఆదివారాలన్నీ ఆ కన్నం చుట్టూనే తిరిగాయి. మిగతా ముఖం మీద ఒక్క గీతా లేదు. వ్యాపారి ఆ మాట మెచ్చుకోలుగా అన్నాడు. ఆమెకి అది వేరేగా వినిపించింది. అంటే నాన్న అటువైపు ఎన్నడూ వెళ్ళలేదు. జవాబు కన్నంలోనే ఉంటుందని నమ్మినవాడు పువ్వుల వంక ఎందుకు చూస్తాడు?

పాత పళ్ళ బ్రష్షు తీసుకుని ఒక్కో పువ్వూ తోమింది. ఐదింటి అంచుల్లో నల్లటి మకిలి గట్టిగా బిగుసుకుని ఉంది. ఆరోదాని చుట్టూ మకిలి మధ్యలో వెంట్రుకంత సందు, గుండ్రంగా. నొక్కింది. కదల్లేదు. ఒక బొట్టు నూనె వేసి, అది లోపలికి దిగేదాకా ఓ అరటిపండు తిని, ఈసారి నొక్కి పట్టుకుని ఎడమకి తిప్పింది. పువ్వు మొరాయించి, మూలిగి, పక్కకి తిరిగింది. దాని వెనక ఇంకో కన్నం ఉంది. దాని అంచు నున్నగా, ఎవరి చెయ్యీ పడనట్టుగా ఉంది.

నాన్న నలభై ఏళ్ళు కెలికింది ఉత్తుత్తి కన్నం.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "దీని జోలికి రావద్దన్నావు గదా నాన్నా," అంది పైకే. "రానిచ్చి ఉంటే నీ ఆదివారాలైనా మిగిలేవి."

ఇక మిగిలింది చెవి. పళ్ళు లేని చెవి ఒకటి తీసుకుని, కొవ్వొత్తి మంట మీద మసి పట్టించి, లోపల పెట్టి, కొద్దిగా బిగించి తిప్పి బయటికి తీయాలి. లోపల ఎక్కడ అడ్డం తగిలితే అక్కడ మసి చెరుగుతుంది. అక్కడ మాత్రం ఆకురాయితో రుద్దాలి. మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం, మళ్ళీ రుద్దడం. ఒక్క పిసరు ఎక్కువ రుద్దితే మొదటికొస్తుంది. రెండు చెవులు అలాగే పాడయ్యాయి. మూడోది బుధవారం పొద్దున, బీరువా చెవి కోసం వచ్చిన ఒకావిడ ఎదురుగా నిలబడి ఉండగా, లోపల అడ్డం లేకుండా తిరిగింది. వంపు కడ్డీ టక్కున పైకి లేచింది.

ఆమె దాన్ని మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

"ఏమమ్మా, నా బీరువా సంగతి చూస్తావా, ఆడుకుంటూ కూర్చుంటావా?" అంది ఆవిడ.

"ఇంకొక్కసారి," అంది తాళాలక్క.

శుక్రవారం వ్యాపారి వచ్చేసరికి తమ్ముడు సెలవు పెట్టి మరీ ఇస్త్రీ చొక్కాలో సిద్ధంగా ఉన్నాడు. ఆమె వాళ్ళకి వీపు తిప్పి, తాళం తెరిచి, పువ్వు మళ్ళీ యథాస్థానానికి తిప్పి, తాళాన్నీ చెవినీ బల్ల మీద పెట్టింది. వ్యాపారికి తొడుగులు వేసుకోవడం కూడా గుర్తుకు రాలేదు. తేరుకున్నాక గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మా, ఒక్క చిక్కుంది. చెవి కొత్తగా మెరుస్తోంది. నాకివ్వండి, ఉప్పునీళ్ళలో వేసి పాతబడేలా చేయిస్తాను. తాళంతోపాటే దొరికిందని అమ్మకం కాగితంలో రాద్దాం. మూడింతలు కాదు, ఐదింతలు ఇప్పిస్తాను."

"చెవి ఎవరు చేశారని రాస్తారు?"

"ఎవరూ చేసినట్టు రాయం. విలువంతా అందులోనే ఉంది."

"ఐదింతలు!" తమ్ముడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "రాసుకోనియ్యి అక్కా. పేరేమన్నా అన్నం పెడుతుందా?"

"పేరు పెట్టదు రా. నా పని నాన్న పేరుకి ముప్ఫై ఎనిమిదేళ్ళు అన్నం పెట్టింది." వ్యాపారి వైపు తిరిగింది. "ఐదింతలొద్దు, మూడింతలొద్దు. మీరు మొదట వేసిన అంకెకే ఇస్తాను. కాగితంలో ఒక్క లైను రాయండి. చెవి ఈ ఏడాది చేసింది, చేసింది నేను అని, నా పేరుతో."

"అలా రాస్తే కొనేవాళ్ళు నవ్వుతారమ్మా. రోడ్డు పక్క కొట్టులో..."

"నవ్వనివ్వండి. నవ్వడం అయ్యాక ఆ చెవితో తెరుచుకోమనండి."

వ్యాపారి ఆలోచించాడు. బేరాల్లో పండిన మనిషి. "సరే, చెవి మీ దగ్గరే ఉంచుకోండి. మూసేసి తాళం ఒక్కటే ఇవ్వండి. మొదటి ధర మొదటి ధరే. అబద్ధమేమీ రాయక్కర్లేదు."

తమ్ముడు గబగబా తల ఊపాడు. ఇది నిజంగానే మంచి బేరం. గది కళ్ళ ముందుకొచ్చింది, కిటికీతో సహా. మోకాళ్ళు లోపల్నుంచి ఒప్పుకోమని బతిమాలాయి.

"కాగితంలో ఏమని రాస్తారు?"

"ఉన్నదే. చెవి లేదు, ఎవరివల్లా తెరుచుకోలేదు."

"ఎవరివల్లా?"

వ్యాపారి జేబులోని తొడుగులు తీసి, వేళ్ళు సాగదీసి చూసుకున్నాడు.

ఆమె లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. సామాను సర్దింది, షట్టరు కిందికి లాగింది. గొళ్ళేనికి రోజూ వేసే నాసిరకం తాళం తీసి సంచీలో పడేసి, ఆ ఇత్తడి కప్పని తగిలించి, నొక్కింది. చెవి కొంగున ముడేసుకుంది.

"పిచ్చెక్కిందా నీకు?" తమ్ముడు దాదాపు అరిచాడు. "లోపల ఉన్నదంతా కలిపినా దాని ధరలో పదోవంతు చెయ్యదు! ఎవడైనా ఎత్తుకుపోతే?"

"ఎత్తుకుపోవాలంటే ముందు తెరవాలి గదరా."

"గొళ్ళెం కోసేస్తే?"

"కోసుకుపోనీ. వాడికీ తెరుచుకోదు. ఈయన దగ్గరికే తెస్తాడు, ఈయన మొదటి ధర ఇస్తాడు. ఏం సార్?"

గడియారాలాయన తన స్టూలు మీంచి పడిపోయేంతగా నవ్వాడు. వ్యాపారి తొడుగులు మడిచి జేబులో పెట్టుకుని, మనసు మారితే కబురు చెయ్యమని వెళ్ళిపోయాడు. తమ్ముడు ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాత్రం షోరూముకి వెళ్ళేముందు దారి మళ్ళించుకుని వచ్చి, తాళం ఉందా లేదా అని చూసి నిలబడ్డాడు. అప్పటికే నలుగురు పోగయ్యారు. ఆమె వచ్చి, ఏ పువ్వో కనబడకుండా అందరికీ వీపు తిప్పి, తెరిచింది.

బీరువా ఆవిడ కూడా వాళ్ళలో ఉంది. చెవి సరిగా పట్టడం లేదని పోట్లాటకే వచ్చింది గానీ, తాళం చూసి గొంతు తగ్గించింది. బోర్డు వైపు ఓసారి, ఈమె చేతిలోని చెవి వైపు ఓసారి చూసి, "ఇది మీ నాన్నగారు చేసిందేనా?" అంది.

తమ్ముడు నేల చూశాడు.

"కాదు. నేనే," అంది తాళాలక్క. "ఏదీ, మీ చెవి ఇలా తెండి. అదీ నేనే చేశాను. ఎక్కడ పట్టేస్తోందో చూద్దాం."