మళ్లీ నొక్కాల్సిన బటన్

అన్న చనిపోయిన ఏడాదే, ఆయన సగంలో వదిలేసిన చిన్న మిల్లింగ్ యంత్రానికి నేను స్పీడ్ కంట్రోలర్ కొన్నాను. మోటారు ఎంత వేగంగా తిరగాలో ఆ డబ్బా మీద ఉన్న మీటతో నిర్ణయించవచ్చు. అన్న జగిత్యాలలో వెల్డింగ్ పని చేసేవాడు. ఖాళీ దొరికినప్పుడు, ఎవరి కోసమూ కాకుండా తన ఇష్టం కొద్దీ, ఇత్తడి ముక్కలు చెక్కే యంత్రం ఒకటి తయారు చేసుకుంటూ ఉండేవాడు. కుట్టుమిషనుకన్నా కొంచెం పెద్దది. పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికిన మోటారు బిగించేదాకా వచ్చి పని ఆగిపోయింది.

సిరిసిల్లలో ఉండే మా బావ, అక్క భర్త, దాన్ని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆయన సాంచెలు బాగుచేస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. "యంత్రం నేను పురాగ జేస్త. గా స్పీడ్ డబ్బా ఒక్కటి నువ్వు తే" అన్నాడు.

అన్న చనిపోయింది బుగ్గారంలో, మా బావి దగ్గర. కరెంటు లేని సమయం చూసుకుని మోటారు దగ్గర వదులైన వైరు బిగిస్తున్నాడు. వేళ కాని వేళ కరెంటు వచ్చింది. మామూలు స్టార్టరైతే ఎవరైనా వచ్చి బటన్ నొక్కేదాకా మోటారు వైర్లలోకి కరెంటు రాదు. మా బావి మీద ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే అది దానంతట అదే మోటారు వైర్లలోకి వదులుతుంది. అది కొన్నది నేను, బిగించింది నేను. కరెంటు వచ్చినప్పుడల్లా అన్న పొలానికి పరుగెత్తనక్కర్లేదని పెట్టాను. చుట్టుపక్కల బావులన్నిటి మీదా అదే ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. అన్నే పెట్టుకున్నాడనుకున్నారు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

స్పీడ్ డబ్బా కొనేనాటికి తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. నేను పాఠాలు చెప్పే కాలేజీకి తాళం పడింది. బస్సులు లేవు. బొగ్గు గనుల్లో పని ఆగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. డబ్బా కోసం బండి మీద కోరుట్లకు పోయాను. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. తినకుండా ఎవరినీ పోనివ్వడం లేదు.

"గిట్ల తింటే తెలంగాణ అస్తదా?" అని నా పక్కన కూర్చున్న ముసలాయన వడ్డించేవాడిని అడిగాడు.

"రాకున్నా కడుపైతే నిండుతది తాతా. సారుకు పప్పెయ్యుర్రి, గాయినె ఏం తింటలేడు."

మోటారు సామాన్ల దుకాణం సగం షట్టరు దించి ఉంది. దుకాణదారు నా ముందు రెండు డబ్బాలు పెట్టాడు. మొదటిది మంచిది. కత్తి ఇత్తడిలోకి దిగి మోటారు మీద బరువు పడినా వేగం తగ్గనివ్వదు. రెండోదానిలో ఆ గుణం తక్కువ.

"గిది తీస్కపోండ్రి సార్. కరెంటు పోయి అచ్చినా ఎంతల తిరుగుతుండెనో గంతల్నే తిరుగుతది. లేసి నొక్కుడు లేదు."

"రెండోది?"

"గది మొద్దుది. కరెంటు అచ్చినప్పుడల్లా పచ్చ బటన్ మల్ల ఒత్తాలె. ఎవరు కొంటలేరు."

"అదే ఇయ్యి."

"అందరు ఒక తీరు, మీరొక తీరు" అంటూ దుమ్ము తుడిచి ఇచ్చాడు.

డబ్బా ఇస్తూ బావకు మాత్రం మంచిది దొరకలేదని చెప్పాను. బావ బతుకు ఆయన వేళ్ల మీద ఉంది. తిరగని కత్తి దగ్గర వేళ్లు పెట్టి ముక్క సర్దుతున్నప్పుడు కరెంటు వస్తే ఏమవుతుందో నేను ఆయనకు వివరించి ఉండాల్సింది. వివరిస్తే మాట బావి దాకా పోతుంది. అందుకని అబద్ధం సులువనిపించింది.

మూడు వారాల తర్వాత సిరిసిల్ల వెళ్లాను. బావ యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కరెంటు లేదు, గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయన వేళ్లు కత్తి కింద ఇత్తడి పొట్టు తీస్తున్నాయి. పచ్చ బటన్ లోపలికి నొక్కి ఉంది. అది పైకి రాకుండా దాని మీద, దారం చుట్టే పాత కండె నుంచి చెక్కిన చెక్కముక్క బిగించి ఉంది.

"చెయ్యి తియ్యి బావా."

"ఏమైంది బామ్మర్ది, పాము జూసినట్టు జేస్తున్నవ్?"

"ముందు తియ్యి."

తీశాడు. నేను చెక్కముక్క ఊడబీకాను.

"నువ్వు తెచ్చిన డబ్బా అసలే మొద్దుదాయె. దినానికి పదిసార్లు కరెంటు పోతాంది, పదిసార్లు లేసి ఒత్తాల్నా? సారు లెక్క నాకు జీతం అస్తదా ఊకె కూసుంటె?"

"బాయి కాడ ఆటో స్టార్టర్ పెట్టింది అన్న కాదు. నేను."

బావ ఇత్తడి పొట్టు అంటిన వేళ్లను లుంగీకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. లోపల అక్క గిన్నెలు కడుగుతోంది. ఆమెకు వినిపించి ఉంటుందా అని భయపడ్డాను.

"గీ ముక్క ఎవరు చెక్కిన్రనుకున్నవ్?" అన్నాడు చివరికి. "గీ గల్లీల సాంచెలన్నిటికి ఉన్నయ్. అన్ని నేను చెక్కినయే. కరెంటు అస్తె, చాయ్ తాగుకుంట కూసున్నా సాంచెలు వాటంతట అవే నడవాలని సాంచెలోళ్లే అడిగి పెట్టించుకున్నరు."

అప్పుడే కరెంటు వచ్చింది. గల్లీలో సాంచెలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. మా ముందున్న యంత్రం కదలలేదు. బావ దానివైపు చూశాడు. లేచి, బటన్ నొక్కకుండానే, నా చేతిలో ఉన్న చెక్కముక్క తీసుకుని జేబులో వేసుకున్నాడు. చెప్పులు వేసుకుని ఎదురుగా ఉన్న సాంచెల షెడ్డులోకి పోయాడు.

నేను వాకిట్లో నిలబడ్డాను. లోపల ఎవరేమంటున్నారో వినపడలేదు, సాంచెల చప్పుడే వినిపించింది. కొంతసేపటికి, బటన్ మీది ముక్క ఊడదీయడానికి ఆపారేమో, అందులో ఒకటి ఆగినట్టనిపించింది. కచ్చితంగా చెప్పలేను.