కిరసనాయిల్లో నానిన బ్రేకులు

మొన్న స్కూటరు బాగుచేయించడానికి మెకానిక్ షెడ్డుకి వెళితే, అతను ఎక్కడ సంపాదించాడో ఏమో, కాస్త కిరసనాయిలు పళ్ళెంలో పోసుకుని ఇనప ముక్కలు కడుగుతున్నాడు. రేషను డిపోల్లో ఇవ్వడం మానేశాక మా రాజాంలో ఆ వాసనే కరువైపోయింది. పాత వాసన తగిలితే చిన్నతనం తియ్యగా గుర్తొస్తుందని అందరూ అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. కిరసనాయిలు అంటే నాకు మా పెదనాన్న, ఆయన చేసిన దసరా పూజ.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, రెండువేల పన్నెండు ప్రాంతంలో, తోటి ధాన్యం వ్యాపారులందరూ కొత్త కార్లు కొనుక్కుంటుంటే మా తాత మాత్రం తన పాత ఫియట్‌ని పట్టుకు వేలాడేవాడు. అది మోజు కాదు. జారిపడినప్పటి నుంచి నాన్నమ్మకి ఒక మోకాలు వంగేది కాదు. ఆ కారు ముందు తలుపు అన్ని కార్లకీ మల్లే కాకుండా వెనక్కి తెరుచుకునేది కాబట్టి, ఆవిడ వీపు తిప్పి సీటు మీద కూలబడి, బిగుసుకున్న కాలిని నెమ్మదిగా లోపలికి తిప్పుకోగలిగేది. ఒకసారి టాక్సీ తెస్తే కాలు తలుపు దాటక, వీధిలో అందరూ చూస్తుండగా కన్నీళ్ళు పెట్టుకుని, ఇంకెప్పుడూ నన్ను ఎక్కించకండి అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఫియట్ ఉన్నన్నాళ్ళూ ఏటా కార్తీకంలో శ్రీముఖలింగం వెళ్ళేవాళ్ళం, అక్కడ నాన్నమ్మ చెల్లెలు ఉండేది, ఆవిడ మంచం పట్టి చాలాకాలమైంది. ఎండకి కాగిన రెక్సిన్ సీటు తొడలకి అంటుకోవడం, తాత చుట్ట కంపు, ఒళ్ళో వెచ్చగా పులిహోర గిన్నె, దారిపొడుగునా కోతకొచ్చిన వరి వాసన, వంశధార మీది చలిగాలి, అన్నీ కలిసిపోయి ఉండేవి. అక్కడికి చేరాక ఆ అక్కచెల్లెళ్ళు గొప్ప కబుర్లేమీ చెప్పుకునేవారు కాదు. ఒకే పళ్ళెంలో బెల్లం పరమాన్నం కలుపుకుని, చెరో చెంచాతో సాయంత్రం దాకా తింటూ కూర్చునేవారు.

ఆ ఏడు బ్రేకులు పోయాయి. చక్రాల దగ్గర బ్రేకు సిలిండర్ల లోపలంతా తుప్పు గుంటలు పడి, వాటిలో ఆయిలు కారకుండా ఆపే రబ్బరు కప్పులు అరిగిపోయాయి. తాత కొత్త కప్పుల కోసం వానాకాలమంతా తిరిగాడు. శ్రీకాకుళంలో స్పేరు పార్టుల కొట్టువాడు నవ్వాడు. నౌపడలో ఉప్పు వ్యాపారి షెడ్డులో ఇలాంటి కారే ఉందని తెలిసి వెళితే, ఉప్పుగాలికి దాని ఇనుమంతా పొరలు పొరలుగా ఊడివస్తోందట. చివరికి విజయనగరంలో మూసేస్తున్న ఒక పాత కొట్లో, వేరే బండివి, కొంచెం పెద్ద కప్పులు దొరికాయి. వాటికి సరిపోయేలా సిలిండర్లని లేతు మీద తొలిపించి, తుప్పు గుంటలు కూడా అందులోనే పోయాయని మురిసిపోయాడు. దసరా వెళ్ళగానే బిగించాలి. ఆ రబ్బర్లని బ్రేకు ఆయిలు తప్ప మరేదీ తాకకూడదని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పెదనాన్న కూడా అక్కడే కూర్చుని తల ఊపాడు.

దసరాకి మా ఇంట్లో కాటాలు, తూకం రాళ్ళు, గోనెలు కుట్టే సూదులు, స్పానర్లు అన్నీ కిరసనాయిల్లో కడిగి, పసుపు కుంకుమలు పెట్టి దేవుడి ముందు పేర్చేవారు. పెద్దకొడుకు కాబట్టి ఆ పని పెదనాన్నది. ఆయన భక్తి కొంచెం ఎక్కువే. సిలిండర్లనీ, వాటితోపాటు కప్పుల్నీ పెట్టెలోంచి తీసి, స్పానర్లతో కలిపి కిరసనాయిల్లో పడేసి గారెలు తినడానికి వెళ్ళాడు. మేం చూసేసరికి మధ్యాహ్నమైంది.

మెకానిక్ ఆ కప్పుల్ని సిలిండర్లోకి నొక్కి, తిప్పి, మళ్ళీ నొక్కి చూశాడు. "ఉబ్బిపోనాయండి. ఇంక దూరవు," అన్నాడు.

"పూజకెట్టే సామాను కడగకుండా ఎడతారేటి?" అన్నాడు పెదనాన్న.

అంతే. దేవుడి పని కదా, ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తాత ఆ రబ్బర్లని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, చుట్ట వెలిగించుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన అప్పుడే పెదనాన్న చెంప పగలగొట్టి ఉండాల్సింది. "పోనీలే, ఆడు బుద్ధిగానే సేసినాడు," అంది నాన్నమ్మ. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

మళ్ళీ కప్పులు దొరకలేదు. కార్తీకం వెళ్ళిపోయింది. ఆ చలికాలంలోనే నాన్నమ్మ చెల్లెలు పోయింది, కడచూపుకి కూడా నాన్నమ్మని తీసుకెళ్ళలేకపోయారు. ఆ రోజు ఆవిడ వాకిట్లో కారు ముందు సీటు మీద, తలుపు తెరిచే ఉంచి, చీకటి పడేదాకా కూర్చుంది. తర్వాత పెదనాన్న కారుని తుక్కుకి అమ్మేసి, పాత డబ్బాకి బ్రేకులు దొరకలేదని ఊరంతా చెప్పుకున్నాడు. దొరికాయి. దొరికినవాటిని ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ కారు లేదు, తాత, నాన్నమ్మ లేరు. పరమాన్నం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. కిరసనాయిలు దొరక్క పెదనాన్న స్పానర్లని పెట్రోలుతో కడుగుతున్నాడు. నిరుడు దసరాకి కుంకుమ పళ్ళెం పట్టుకుని వచ్చి నా స్కూటరు తాళం అడిగాడు. ఇవ్వనన్నాను. ఇన్నేళ్ళు ఇంట్లో ఎవరూ అనని మాట అప్పుడు అనేశాను.

"తాత కారు బ్రేకులు నువ్వే పాడుసేసినావు, పెదనాన్నా. నాన్నమ్మ సెల్లెల్ని ఆకరిసారి సూడనేకపోనాది."

ఆయన నా మొహంలోకి చూశాడు. నిజంగానే ఆలోచించాడు పాపం.

"తాతకి కారుండేది కదూ," అన్నాడు. "ఏటైపోనాదే అది?"