పదకొండు పేర్ల పైన

రాయి మీద అక్షరం చెక్కాలంటే ఆ ఊళ్ళో ఒక్కడే మనిషి. అందరూ ఆయన్ని అక్షరాల మేస్త్రి అనేవాళ్ళు. సమాధి రాళ్ళూ, బడి గేటు పక్క పలకలూ, ఆసుపత్రి శంకుస్థాపన రాయీ అన్నీ ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. రైలుపట్టాల గోడకి ఆనుకుని రేకుల షెడ్డు. పొద్దున్నే తలుపు తీసి, రాతిపొడి పేరుకున్న బల్లని తడిగుడ్డతో తుడిచి, ఉలులన్నీ వరసగా పేర్చుకుంటే గానీ పనిలో చెయ్యి పెట్టేవాడు కాదు. అక్షరం వంకర పోయిందంటే పడేవాడు కాదు. అలా అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదనుకోండి.

ఊరికి నీళ్ళిచ్చే పెద్ద ట్యాంకు కడుతుండగా కూలిపోయి పదకొండుమంది పనివాళ్ళు చనిపోయారు. ఏడాది తిరిగేసరికి మునిసిపాలిటీ వాళ్ళు తమ ఆఫీసు ముందు, బస్సులు మలుపు తిరిగే ఖాళీ జాగాలో వాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. పని మేస్త్రికే వచ్చింది. ఇచ్చిన కాగితంలో పదకొండు పేర్లు, కింద తారీఖు, అంతే. పేర్లు చెక్కాక పైన బోసిగా ఉందనిపించింది ఆయనకి. షెడ్డులో మంచి నల్లరాయి ఒకటి ఏళ్ళ తరబడి పడి ఉంది. దాన్ని శిలువగా చెక్కి పేర్ల మీద నిలబెడతానని తనే వెళ్ళి ఇంజనీరుకి చెప్పాడు. ఊరికే చేసిపెడతానన్నాడు. ఊళ్ళో నూటికి తొంభైమంది వెళ్ళేది చర్చికే, ఇంజనీరుతో సహా. ఆయన ఒక్కమాటు తలూపాడు, అదే అనుమతి.

వద్దన్నది ఒక్క మనిషి. ఆ పేర్లలో ఏడోది, ట్యాంకుకి కమ్మీలు కట్టినతనిది. అతని భార్యే ఆ వద్దన్న మనిషి. మిషను కుట్టుకుని బతికేది. వాళ్ళది వేరే మతం. ఊళ్ళో వాళ్ళవి నాలుగైదు ఇళ్ళకి మించి లేవు. శిలువ ఇంకా బల్ల మీద ఉండగానే ఒక మధ్యాహ్నం ఆవిడ షెడ్డుకి వచ్చింది. అప్పుడే మేస్త్రి ఇల్లాలు అన్నం క్యారేజీ తెచ్చి విప్పుతోంది. లోపలికి రమ్మన్నా రాలేదు. మెడలో వేలాడే కొలత టేపు తీయడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"అన్నయ్యా, పేర్లు బాగా చెక్కారు. పైన అది మాత్రం పెట్టకండి. చర్చి ఆవరణలో పెట్టుకుంటే నేనెవర్ని అడగడానికి? అది అందరి జాగా. మా ఆయన పేరు దాని కిందే ఉంటుంది కదా."

మేస్త్రికి చురుక్కుమంది. పైసా తీసుకోకుండా చేస్తున్న పని. నలుగురూ మెచ్చుకుంటారనుకున్నాడు గానీ వద్దనేవాళ్ళుంటారని కలలో కూడా అనుకోలేదు.

"దేవుడు ఒక్కడే కదమ్మా. ఏ గుర్తయితే ఏముంది?" అన్నాడు.

"ఏదైనా ఒకటే అయితే మా గుర్తు పెట్టండి" అందావిడ.

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. మేస్త్రి నవ్వేశాడు. ఆవిడ వెళ్ళిపోయింది. అన్నం వడ్డిస్తూ ఇల్లాలు, ఆవిడ అడిగినదాంట్లో తప్పేముందని అడిగింది. రాయి చెక్కడం అయిపోయింది కదా, ఇప్పుడేం చేస్తామన్నాడాయన.

శిలువ నిలబెట్టారు. ఫాదరుగారు ప్రార్థన చేశారు, మునిసిపల్ చైర్మన్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మిగతా పదిళ్ళ వాళ్ళూ పూలు పెట్టారు. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని, రోడ్డుకి అవతల బస్సు షెల్టరులో నిలబడింది. రోడ్డు దాటి రాలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే కోర్టులో కేసు వేసింది. మునిసిపాలిటీ జాగాలో ఒక మతం గుర్తు ఉండకూడదని, రాయి ఉంచి గుర్తు తీయించమని.

అంతే, ఊరు ఊరంతా ఆవిడ మీద కస్సుమంది. కుట్టమని ఇచ్చిన బట్టలు కుట్టకుండానే వెనక్కి పట్టుకుపోయారు. చనిపోయినవాళ్ళ మీద రాజకీయమా అన్నారు. కొట్లో ఆవిడ నిలబడితే పక్కవాళ్ళు జరిగి నిలబడేవాళ్ళు. మేస్త్రి ఇవన్నీ చూశాడు. ఒకసారి ఆవిడ ఎదురుపడితే పక్క సందులోకి మళ్ళిపోయాడు కూడా.

కేసులో మునిసిపాలిటీ వకీలు చెప్పింది ఒకటే. అది మతం గుర్తు కాదు, దుఃఖం గుర్తు, పెట్టేటప్పుడు ఏ కుటుంబమూ అభ్యంతరం చెప్పలేదు అని. దానికి సాక్ష్యం మేస్త్రి. చర్చి పెద్దలు ఇద్దరు షెడ్డుకొచ్చి, నాలుగు మాటలు చెప్పి వచ్చేస్తే చాలన్నారు. బెదిరించలేదు. వెళ్తూ వెళ్తూ, శ్మశానం కొత్త ప్రహరీకి పలకలు మీకే ఇద్దామనుకుంటున్నామని మాత్రం అన్నారు.

కోర్టు హాల్లో ఆవిడ రెండో బెంచీ మీద కూర్చుంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని. వకీలు అడిగాడు, శిలువ పెట్టకముందు ఎవరైనా వద్దన్నారా అని. మేస్త్రి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల దించుకోలేదు.

"నాకు గుర్తు లేదండి" అన్నాడు.

కేసు కొట్టేశారు. గుర్తు పెట్టినవాడే గుర్తు లేదన్నాడని టీ బంకు దగ్గర ఎవరో అంటే, అందరూ పడిపడి నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. ఇంటికొస్తే ఇల్లాలు రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడి ఊరుకుంది. తర్వాత కేసు వేసినావిడ కూతుర్ని తీసుకుని రైలు గేటు అవతలి పేటకి మారిపోయింది.

పద్నాలుగేళ్ళు గడిచాయి. ప్రహరీ పలకలే కాదు, ఊళ్ళో ప్రతి పనీ మేస్త్రికే వచ్చింది. ఇంతలో ఎక్కడో ఇంకెవరో వేసిన కేసులో పెద్దకోర్టు తీర్పిచ్చింది, ప్రభుత్వ స్థలాల్లో ఉన్న మతం గుర్తులన్నీ ఆయా మతాల ఆవరణల్లోకి మార్చాలని. శిలువని రాయిలోకి ఎలా బిగించారో మేస్త్రికి తప్ప ఎవరికీ తెలీదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆయనే నిచ్చెనెక్కాడు. అతుకులో కరిగించి పోసిన సీసాన్ని సన్న ఉలితో తొలిచి తీయడానికి ఒక పగలంతా పట్టింది. ఎవరో దారినపోతూ తిట్టారు. ఫాదరుగారు మాత్రం శిలువనెక్కించిన వ్యాను వెంట నడిచొచ్చి, చర్చి ముంగిట్లో చోటు చూపించి, ఇక్కడే మొదట పెట్టుంటే సరిపోయేది కదా మేస్త్రీ, అన్నారు. 

మర్నాడు రైలు గేటు దాటి ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. గుమ్మం పక్కనే మిషను. దాని ముందు కూర్చున్నది కూతురు. అమ్మ పోయి ఏడాదిన్నర అయిందని చెప్పింది. కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. మేస్త్రి గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ షెడ్డుకొచ్చి అడిగిందనీ, కోర్టులో తను చెప్పింది అబద్ధమనీ.

ఆ పిల్ల దారం కొరికి, గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"అమ్మకి తెలుసండి. మీరు మర్చిపోలేదని ఆ రోజే చెప్పింది. మీ మీద కోపం కూడా పెట్టుకోలేదు, భయపడ్డాడు పాపం అనేది. నాన్న పేరు దగ్గరికి వెళ్ళి చూడలేకపోయానని మాత్రం చివరిదాకా అనుకుంది."

రాయి మీద ఇప్పుడేమీ లేదు, రమ్మంటే తనే తీసుకెళ్తానన్నాడు మేస్త్రి. కుదిరినప్పుడు తను వెళ్తానంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే ఇల్లాలు బియ్యం ఏరడం ఆపలేదు. "ఆవిడకి చెప్పాల్సిన మాట ఆ పిల్లకి చెప్పొచ్చావు. నీ బరువు దిగిందేమో గానీ ఆవిడకేం ఒరిగింది?" అంది.

నిజానికి బరువు కూడా దిగలేదు. వారం రోజులు చూసి మేస్త్రి ఒక తెల్లకాగితం మీద, ఫలానా రోజు ఫలానా ఆవిడ వచ్చి వద్దని అడిగింది, నేను కోర్టులో అబద్ధం చెప్పాను అని రాసి, సంతకం పెట్టి మునిసిపాలిటీ ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. గుమస్తా రెండుసార్లు చదివాడు. ఆ కేసు ఫైలు ఎప్పుడో మూసేశామండీ, ఇప్పుడు దీనివల్ల ఉపయోగం ఏంటి అని అడిగాడు.

"ఏమీ లేదు. అందులో పెట్టండి చాలు" అన్నాడు మేస్త్రి.

గుమస్తా మంచివాడు. బీరువా తీసి, కింది అరలోంచి ఆ ఫైలు వెతికి, దుమ్ము దులిపి, కాగితాన్ని చివర్న దారంతో కట్టాడు. మేస్త్రి కట్టేదాకా నిలబడి చూసి బయటికొచ్చాడు. ఆ ఏడే పని మానేసి షెడ్డు అద్దెకిచ్చేశాడు. ఎవరైనా అడిగితే చూపు ఆనడం లేదనేవాడు. పక్కనున్న ఇల్లాలు అవుననేది కాదు, కాదనేదీ కాదు.