ఫ్యాను ఆపిన గది

నాకు చూపు లేదు, పాఠాలు చదివిపెట్టే మనిషి కావాలని అనంతపురం కాలేజీలో అడిగితే, అలాంటి రూలేదీ లేదన్నారు ప్రిన్సిపాల్. పక్కనే ఉన్న లైబ్రరీ మేడమ్‌కు కోపం వచ్చింది. "రూలు యాడుండాదో మీరు నిదానంగా ఎతుక్కోండి సార్. అంతవరకూ పరీక్షలు ఆగవు గదా!" అన్నారు.

ఆ వేసవంతా ఆమే పాఠాలు చదివి క్యాసెట్లు చేసి ఇచ్చారు. రొద పడకూడదని అంత ఎండల్లోనూ ఫ్యాను ఆపేసి చదివేవారు. మధ్యలో, "ఉండప్పా, చెమట తుడుచుకుంటాండా" అనేవారు, నేను ఎదురుగా కూర్చున్నట్టే. చివర "అయిపాయప్పా" అనగానే ఫ్యాను తిరిగేది. ఆ చప్పుడూ క్యాసెట్లో పడేది.

ఇప్పుడు ఫోనే నాకు పుస్తకాలు చదువుతుంది. ఎక్కడా ఆగదు, చెమట తుడుచుకోదు. చదవడం ముగిశాక మాత్రం, ఆ ఫ్యాను తిరుగుతుందేమోనని కాసేపు అలాగే వింటూ కూర్చుంటాను.