సున్నా అంటే వద్దని

గుడివాడ నుంచి బందరుకు రోజూ వెళ్లి రావడంలోనే నా ఒంట్లో సత్తువంతా అయిపోతుంది. అలాంటిది అవనిగడ్డ మీదుగా కోడూరు వెళ్లి రమ్మని మా ఆఫీసు పెద్దాయన అన్నప్పుడు ఏడుపొక్కటే తక్కువ. నా పని కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాయడం. నష్టపోయిన రైతుకు నచ్చజెప్పడం నా వల్ల కాదు. వద్దండీ, ఇంకెవరినైనా పంపండి అన్నాను. "సరే అయితే, రేపు పొద్దున్నే బయల్దేరండి" అన్నారాయన. బయల్దేరాను.

బందరులో మాది చిన్న ఆఫీసు. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే పరికరాలు ఆ అంకెలను మా సర్వర్‌కు పంపుతుంటాయి. రైతు ఇంటి వసారాలో ఒక పెట్టె ఉంటుంది. అది వేరే కంపెనీ తయారీ. కాసేపటికోసారి మా సర్వర్‌ను అడిగి, అంకె తగ్గితే సైరన్ మోగిస్తుంది. అసలు అంకే రాలేదని సర్వర్ చెప్పినా మోగిస్తుంది. ఈ కోడూరు రైతుకు రెండు చెరువులు. ఒకదాంట్లో పరికరానికి పాచి పట్టి అంకెలు పంపడం మానేసింది. ఆ తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. పెట్టె మీద పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉందట. పొద్దున చూసేసరికి రొయ్యలన్నీ పోయాయి.

మా రికార్డు చూస్తే తప్పేమీ కనపడలేదు. పెట్టె అడిగిన ప్రతిసారీ సర్వర్ జవాబిచ్చింది. ఆ మాట పట్టుకుని రెండు బస్సులు, ఒక ఆటో మారి ఆయన ఇంటికి చేరాను.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఇంటి వెనక రెండో చెరువు చూపించాడు. "ఇదొక్కటే మిగిలింది మేడమ్ గారూ. ఇది కూడా పోతే ఇక ఈ చెరువుల జోలికి రాను. నాకు ఓపిక లేదు" అన్నాడు. రికార్డు సంగతి నోట్లోనే ఉండిపోయింది.

వసారాలో కూర్చుని లాప్‌టాప్ తీశాను. వెబ్‌లో ఎవరు ఏది అడిగినా, అది ఏ రకంగా కావాలో ముందే ఒక వరుసలో చెప్పుకుంటారు. ఉత్త అక్షరాలుగానా, బొమ్మగానా, వెబ్ పేజీగానా అని. ఏదైనా పర్వాలేదనుకుంటే నక్షత్రం గుర్తు పెడతారు. ఒక్కో రకానికీ ఒక అంకె. ఒకటంటే అదే ముఖ్యంగా కావాలని. సగమంటే సర్దుకుంటామని. ఆ వరుసను కామాల దగ్గర తుంచి, ఎక్కువ అంకె ఉన్నవి పైకి, తక్కువవి కిందకి పేర్చి, మా దగ్గరున్న వాటిలో మొదట కుదిరింది ఇచ్చెయ్యడం మా కోడ్ చేసే పని. ఈ పెట్టె ఆక్సిజన్ అంకెను ఉత్త అక్షరాలుగా ఇమ్మంది. వెబ్ పేజీకి సున్నా పెట్టింది.

ఆ కోడ్ నాకంటే ముందు పనిచేసినాయన రాశాడు. ఆయనదీ గుడివాడే. ఎన్నోసార్లు చదివాను, తేడాగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ రోజు కూడా అనిపించలేదు. విసుగొచ్చి మూసేశాను.

ఇంతలో రైతు భార్య భోజనానికి పిలిచింది. ఆకలి లేదన్నా వినకుండా కంచం పెట్టేసింది. పప్పన్నం అయ్యేసరికే నా పని అయిపోయింది. చాలండీ అన్నాను. "ఆ కాస్తా తినండమ్మా, ఎప్పుడనగా బయల్దేరారో" అంటూ ఇంకో గరిటె అన్నం వేసింది. నిజంగా వద్దండీ అంటూ కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె చెయ్యి ఆగలేదు. చేపల పులుసు నా వేళ్ల సందుల్లోంచి అన్నంలోకి కారింది.

ఆమె మీద కోపం రాలేదు. ఇంటికెవరైనా వస్తే నేనూ అంతే. వద్దనగానే వడ్డన ఆపేసే ఇల్లాలికి మా వైపు పిసినారి అని పేరొస్తుంది. వద్దంటే మొహమాటపడుతున్నారని, ఇంకాస్త వెయ్యాలని. ఆ కోడ్ రాసినాయనా, నేనూ పెట్టె పెట్టిన సున్నాను కూడా అలాగే చదివాం. అసలు వద్దని అది చెప్తే, అన్నిటికంటే చివర అనుకున్నాం. వరుసలో అట్టడుగున ఉంచామే గాని తీసెయ్యలేదు. అంకెలు రాని రోజున, అడిగినవాళ్లను వట్టి చేతులతో పంపడమెందుకన్నట్టు, మా సర్వర్ ఆ అట్టడుగుదాన్నే తీసి ఇచ్చింది. మా ఆఫీసు పేరుతో రంగురంగుల స్వాగతం పేజీ. ఏదో ఒక జవాబు అందింది కదా అని పెట్టె పచ్చ లైటు వేసుకుని కూర్చుంది. లేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే సైరన్ మోగేది. ఆ చెరువు దక్కేది.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కూర బాగాలేదేమోనని ఆమె కంగారుపడింది.

చెయ్యి కడుక్కుని వచ్చి కోడ్ దిద్దాను. ఒక్క వాక్యం. సున్నా ఉన్నవాటిని పేర్చకముందే తీసెయ్యమని. పెద్దాయనకు ఫోన్ చేసి చెప్తే, "లేదని పంపితే ఏం బాగుంటుందండీ? ఏదో ఒకటి ఇవ్వాలిగా" అన్నారు. ఇవ్వకూడదండీ అన్నాను. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేసి, దిద్దిన కోడ్ సర్వర్‌లోకి ఎక్కించాను.

ఇప్పుడైనా మోగుతుందో లేదో చూద్దామని రైతు గట్టు మీదికి వెళ్లి రెండో చెరువులో పరికరానికి ఉన్న వైరు పీకాడు. అంకెలు ఆగిపోయాయి. పెట్టె మా సర్వర్‌ను అడిగింది. లేదంది సర్వర్.

సైరన్ మోగింది. గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. చేతిలో గరిటెతోనే ఆయన భార్య బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆయన మెల్లగా నడిచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెట్టె వైపు చూడలేదు. నీళ్లు తీసేశాక ఎండిపోతున్న మొదటి చెరువు వైపు చూస్తున్నాడు. చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆపుదామని స్విచ్ దగ్గరికి చెయ్యి పోనిచ్చాను.

"వద్దు మేడమ్ గారూ" అన్నాడు. "కాసేపు మోగనివ్వండి."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.