నేను కాల్చిన మోటారు

2022 ఎండాకాలం. భిలాయిలో, రుఆబాంధా దగ్గర నా మోటార్ రివైండింగ్ దుకాణం తెరిచి అప్పటికి ఏడు నెలలు. మోటారు కాలిపోతే లోపలి రాగితీగ చుట్టలన్నీ పీకేసి, లెక్క తప్పకుండా కొత్తవి చుట్టడమే రివైండింగ్. ఐటీఐ చదివి తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు వర్క్‌షాపులో అదే పని చేశాను. ఆడమనిషి మోటార్లు విప్పడమేమిటని నిలబడి చూసినవాళ్లు కూడా పని అయ్యాక మారు మాట్లాడకుండా వెళ్లేవారు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

ఉద్యోగం మానేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. ఆయన స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషి. "సెలవు నేదు, ఈఎస్ఐ నేదు, జొరమొస్తే నీ బదులు పని సేసేవోడు నేడు. ఏటే నీకొచ్చిన కష్టం?" అన్నారు. కష్టమేమీ లేదు. నేను చుట్టిన మోటారు మీద వేరేవాళ్ల పేరు స్టిక్కరు అంటిస్తుంటే చూడలేకపోయాను, అంతే.

ఒక సోమవారం నరసమ్మ పిన్ని ఆటోలో మోటారు వేసుకుని వచ్చింది. చుట్టం కాదు, మాలాగే శ్రీకాకుళం వైపు మనిషని పిన్నీ అని పిలిచేదాన్ని. భర్తది రైల్వే ఉద్యోగం, ఆమెది భిలాయి-3 అనే పేటలో సొంత పిండిమర. పదేళ్లుగా ఇరుగుపొరుగు తెచ్చే డబ్బాల గోధుమలు ఆడించిన మనిషికి మొదటిసారి ఒక హాస్టల్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. శుక్రవారం పొద్దున మొదటి పిండి అందాలి. అందకపోతే ఆర్డరు ఇంకో పిండిమరకు ఇచ్చేస్తామని వార్డెన్ ముందే చెప్పాడట. సరిగ్గా అప్పుడే మోటారు కాలింది.

"ఇది పోతే మరి నాకింకో ఆర్డరు రాదమ్మా. నువ్వే సూడాలి," అంది.

మంగళవారం మధ్యాహ్నానికి చుట్టడం అయిపోయింది. ఇక రెండు పనులు మిగిలాయి. చుట్టలను వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో గంటల తరబడి ఆరబెట్టాలి. ఆ తర్వాత మెగ్గర్ టెస్ట్ చేయాలి. మెగ్గర్ అంటే చేత్తో పిడి తిప్పే చిన్న పెట్టె. లోపల కరెంటు ఎక్కడైనా బయటికి పాకుతోందా అన్నది దాని ముల్లు చెబుతుంది.

వర్క్‌షాపులో నాది ఆరు నుంచి రెండు షిఫ్టు. రెండు కాగానే మిగిలిన పని లాగ్ బుక్‌లో రాసేసి వెళ్లిపోవడమే. ఓవెన్ చూసుకోవడం, మెగ్గర్ పెట్టడం తర్వాతి షిఫ్టు వాళ్ల పని. తొమ్మిదేళ్లలో అది నా ఒంట్లో ఇంకిపోయింది. మా స్టీల్ ప్లాంటు ఊళ్లో పెరిగినవాళ్లకు ఇది వింత కాదు, అన్నం కూడా షిఫ్టు చూసుకునే వండుతాం. ఆ రోజు కూడా చుట్టలను వార్నిష్ ముంచి ఓవెన్‌లో పెట్టి, రెండు కొట్టగానే గోడకున్న పలక మీద "ఓవెన్‌లో ఇంకా నాలుగు గంటలు, తర్వాత మెగ్గర్" అని రాసి భోజనానికి ఇంటికి వెళ్లాను. ఎవరి కోసం రాశానో మాత్రం అడగకండి.

ఆరింటికి వచ్చేసరికి ఓవెన్ ఆగి ఉంది. టైమ్ అయిపోయి ఆగిందనుకున్నాను. పలక తుడిచేశాను. రాసిన పని అయిపోయిన పనే అన్నంత ధీమాగా మోటారు బిగించి, బయట ఎదురుచూస్తున్న పిన్నికి ఇచ్చేశాను.

బుధవారం పదింటికి ఆటో మళ్లీ వచ్చి ఆగింది.

"గంటసేపు ఆడినాదమ్మా. తరవాత ఒకటే పొగ," అంది పిన్ని. చేతులకు ఇంకా పిండి ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆమే అంది, "మా ఈది ఓల్టేజీ ఎప్పుడూ అలగే. అదే కాల్చీసుంటాది."

మా వృత్తిలో అంతకంటే వాటమైన సాకు లేదు. అది కస్టమర్ నోటి నుంచే వచ్చింది. తల ఊపితే చాలు.

మోటారు విప్పి వేలు పెడితే వార్నిష్ పాకంలా అంటుకుంది. పక్కనే ఉన్న టైర్ల దుకాణం భయ్యాను అడిగాను. "లైట్ తో దో ఘంటే గుల్ థీ, దీదీ!" అన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయిందట. కరెంటు తిరిగొచ్చినా, బటన్ నొక్కితే గానీ ఆ ఓవెన్ మళ్లీ మొదలవదు. నొక్కాల్సిన తర్వాతి షిఫ్టు మనిషి అప్పుడు ఇంట్లో కునుకు తీస్తోంది. ఆ మనిషీ నేనే.

"పిన్నీ, ఓల్టేజీ కాదు, తప్పు నాది. వార్నిష్ ఆరిందో నేదో సూడకుండా, టెస్ట్ సెయ్యకుండా ఇచ్చీసినాను," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంటూ, "నీ మీద భరోసాతోనే గదే వార్డెన్‌కి మాటిచ్చినాను. ఇప్పుడు నానేటి సెయ్యాలి?" అంది. నాకు తల తీసేసినట్టయింది.

"రేపు మద్దేనానికి ఇస్తాను. ఈసారి నువ్వే టెస్ట్ సేసి తీసుకెళ్లు."

"నాకేటి తెలుస్తాది?"

"తెలిసేలా నాను సూపిస్తాను."

ముందు రోజు చుట్టిన తీగనంతా పీకేసి, మళ్లీ కొత్తది చుట్టాను. మర్నాడు పొద్దున్నే వార్నిష్ ముంచి, ఓవెన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. బయట ఎండ, ఎదురుగా ఓవెన్. తిండి కూడా అక్కడే. కాస్త చూడమని చెప్పి లేవడానికి ఇంకొకరు లేరు. నాన్న చెప్పిందంతా నిజమేనని ఆ స్టూలు మీద ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది. వైర్లు తగిలించి మెగ్గర్ పిడి ఆమె చేతిలో పెట్టాను. "తిరగలి తిప్పినట్టు తిప్పు పిన్నీ. ముల్లు అటు చివరికెల్తే మోటారు మంచిది. ఇటే ఉండిపోతే నా దగ్గరే వదిలీసి ఎల్లిపో."

తిప్పింది. ముల్లు కదిలి, మెల్లగా చివరికి వెళ్లి నిలబడింది.

"ఇంకా ఎల్తాదేటి?"

"అక్కడితో సోటు అయిపోనాది పిన్నీ."

నమ్మకం చాలక ఇంకోసారి తిప్పింది. అప్పుడు నవ్వింది. సాయంత్రం ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఫోను మర దగ్గర పెట్టింది. ఆ చప్పుడు వింటూ నేను ఏడ్చేశాను. సిగ్గు పడలేదు. శుక్రవారం పొద్దున హాస్టల్‌కు పిండి అందింది. ఆ ఆర్డరు ఇప్పటికీ ఆమెదే.

ఆ రోజు నుంచి నా దుకాణంలో ఒకటే పద్ధతి. ఎవరి మోటారైనా సరే, చివరి టెస్ట్‌కు పిడి వాళ్లే తిప్పాలి. విసుక్కునేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం వదలను.

కొన్ని నెలలకు స్మృతి నగర్ నుంచి ఒకాయన బోరు పంపు తెచ్చి గుమ్మంలో తటపటాయించాడు. ఏమిటని అడిగాను.

"భిలాయి-3 పిండిమర నరసమ్మగారు పంపినారు. మంచి మెకానిక్ ఎవరని అడిగితే, 'నా మోటారు కాల్చినాది ఆ అమ్మే, అక్కడికే ఎల్లు' అన్నారు. నాకేటీ అర్థం కాలేదు."

ఉద్యోగంలో ఉన్నప్పుడు నా తప్పును షిఫ్టంతా పంచుకునేది, నా మంచిపనికి పేరు వర్క్‌షాపుకు పోయేది. సొంత పనిలో రెండూ నావే. మొదటిది దాచుకుని రెండోది మాత్రం అడగడం కుదరదని నేర్పింది ఆ మోటారే. ఇన్నేళ్లలో నాకొచ్చిన సర్టిఫికెట్లన్నీ ఒక ఎత్తు, ఆమె అన్న ఆ మాట ఒక ఎత్తు.

"సరైన చోటుకే వచ్చారు. ఆ మోటారు కాల్చింది నేనే," అని పంపు లోపల పెట్టించాను.